బస్తర్‌ను కాపాడేవాళ్లను లెక్క అడగండి

బస్తర్‌లో ఒక్కో ఊరి పేరు ముందు ‘మావోయిస్టు రహిత’ అన్న బిరుదు చేరుతోంది. 2024 ఆగస్టులో కేంద్ర హోంమంత్రి అమిత్ షా రాయ్‌పూర్‌లో 2026 మార్చి నెలాఖరును గడువుగా ప్రకటించినప్పటి నుంచి అక్కడి వార్త అంటే అంకెల వార్తే. ఎంతమంది చచ్చారు, ఎంతమంది లొంగారు, వాళ్ల తలల మీద ఎన్ని లక్షల రివార్డు ఉంది అన్నవే చెబుతున్నారు. ఆదివాసీకి విముక్తి వచ్చేసిందని టీవీలు సంబరపడుతున్నాయి.

ఆ సంబరంలో ఈ పత్రిక పాలుపంచుకోలేదు. బస్తర్‌కు అసలు ప్రమాదం ఇప్పుడే మొదలవుతోందని హెచ్చరిస్తోంది. తుపాకీ పట్టుకుని కాపాడడానికి వచ్చినవాడు, కాపాడడం పూర్తయిందని తానే చెప్పుకున్నాక కూడా కదలకుండా, జరిగినదానికి లెక్క చెప్పకుండా కూర్చుంటే ఏమవుతుందో ఆ అడవికి దాదాపు రెండు వందల ఏళ్ల అనుభవం ఉంది.

మొదటి రక్షకుడు ఈస్టిండియా కంపెనీ. దంతేవాడ దంతేశ్వరి గుడిలో నరబలి జరుగుతోందన్న అభియోగం మీద 1840లలో నాగపూర్ భోంస్లేల ద్వారా అక్కడ సైనికుల కాపలా పెట్టించారు. తమ దేవత గుడి దగ్గర పరాయి సిపాయిలను చూసి ఆదివాసీలు తిరగబడ్డారు. బస్తర్ చరిత్రలో దాన్ని మేరియా తిరుగుబాటు అంటారు. అదే పేరుతో కంపెనీ 1845లో ఒక ప్రత్యేక ఏజెన్సీనే పెట్టి, గంజాం, మన విశాఖ మన్యం వైపు కొండల్లో నరబలి మాన్పించే పని చేపట్టింది. మేరియాలను, అంటే బలికి ఉంచిన మనుషులను, అప్పగించలేదని కోందు తెగవాళ్ల ఊళ్లు తగలబెట్టారు. నరబలి ఆగాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ బలిని ఆపడానికి వచ్చినవాడు ఆగిపోలేదు. వాడి వెనకాలే శిస్తు వచ్చింది, ఆ తర్వాత అటవీ శాఖ వచ్చింది. 1905లో మూడింట రెండు వంతుల అడవిని రిజర్వు చేస్తామన్నారు. పోడు, వేట, అటవీ ఫలసాయం అన్నింటికీ అడ్డు పడింది. 1910లో బస్తర్ భగ్గుమంది. గుండాధుర్ పేరుతో ఇప్పటికీ తలుచుకునే ఆ భూంకాల్ తిరుగుబాటును అణచడానికి మళ్లీ సైన్యం రావలసి వచ్చింది.

మేరియా ఏజెన్సీ కాలంలోనే లండన్‌లో జాన్ స్టువర్ట్ మిల్ అనే పెద్దమనిషి ఒక దేశం మరో దేశంలో జోక్యం చేసుకోకూడదంటూ 1859లో గొప్ప వ్యాసం రాశాడు. అంతకు ముందు ఏడాది దాకా ఆయన ఉద్యోగం ఈస్టిండియా కంపెనీలోనే. ఆ నియమం నాగరిక జాతుల మధ్య మాత్రమేననీ, అనాగరికులకు వర్తించదనీ అదే వ్యాసంలో మెలిక పెట్టాడు. బస్తర్‌కు వచ్చిన ప్రతి రక్షకుడి జేబులోనూ ఆ మెలిక ఏదో ఒక రూపంలో ఉంది. వీళ్లకు ఏది మంచిదో వీళ్లకు తెలియదు, మాకు తెలుసు అన్నదే దాని సారం.

ఇక్కడ తెలుగువాళ్లం అద్దంలో చూసుకోవాలి. బస్తర్ రాజవంశమే వరంగల్ నుంచి వెళ్లిన కాకతీయ శాఖ అని చెప్పుకుంటుంది. 1980లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో మావోయిస్టు పార్టీకి మూలమైన పీపుల్స్‌వార్ ఏర్పడినప్పుడు గోదావరి దాటి అడవిలోకి వెళ్లిన దళాల్లో ఎక్కువమంది మనవాళ్లే. ఫారెస్టు గార్డుల మామూళ్ల నుంచి, తునికాకు కాంట్రాక్టర్ల దోపిడీ నుంచి కాపాడతామని వెళ్లారు. మొదట్లో కాపాడారు కూడా. తునికాకు కట్ట రేటు పెరిగింది, గార్డుల దౌర్జన్యం తగ్గింది. కాదంటే అబద్ధం చెప్పినట్టే. ఆ తర్వాత వాళ్లూ వెళ్లలేదు. జనతన సర్కార్ పేరుతో సొంత పాలన పెట్టారు. కాదన్నవాణ్ని ఇన్‌ఫార్మర్ అన్నారు, ప్రజాకోర్టులో చంపారు. 2006 జులైలో ఎర్రబోరు నిర్వాసితుల శిబిరం మీద వాళ్ల దాడిలో చనిపోయినవాళ్లు ఆదివాసీలే. 2025 జనవరిలో కుట్రూ దగ్గర మందుపాతర పేలి ఎనిమిది మంది జిల్లా రిజర్వ్ గార్డ్ (డీఆర్‌జీ) జవాన్లు చనిపోయారు. ఆ డీఆర్‌జీ నిండా స్థానిక ఆదివాసీ యువకులే, వాళ్లలో ఒకప్పటి దళ సభ్యులూ ఉన్నారు. ఆదివాసీ కోసమని మొదలైన యుద్ధంలో రెండు వైపులా ఆదివాసీని నిలబెట్టి పైనుంచి ఆజ్ఞలిచ్చినవాళ్లు ఎక్కువగా బయటివాళ్లు.

ఈ మధ్యలోనే, 2005 జూన్‌లో, మరో రక్షకుడిగా సల్వాజుడుం వచ్చింది. మావోయిస్టుల బారి నుంచి ఆదివాసీని కాపాడడమే దాని ప్రకటిత లక్ష్యం. అప్పటి ప్రతిపక్ష నేత, కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ ముందు నిలబడితే, బీజేపీ ప్రభుత్వం వెనక నిలబడింది. ఊళ్లకు ఊళ్లు కాలిపోయాయి, వేలమందిని రోడ్డు పక్క శిబిరాల్లోకి తోలారు. రాని వాళ్లు అడవిలోకో, గోదావరి దాటి మన వైపుకో పారిపోయారు. మానవ హక్కుల నాయకుడు కె. బాలగోపాల్ ఆ ప్రాంతాల్లో తిరిగి, రెండు వైపుల హింసనూ పేరుపెట్టి రాశారు. అప్పట్లో రెండు వైపుల అభిమానులూ ఆయన మీద కోప్పడ్డారు.

జాలితో దండెత్తడం ఎప్పుడు న్యాయం, ఎప్పుడు దౌర్జన్యం అన్న ప్రశ్నతో ప్రపంచంలో రెండు పెద్ద సంప్రదాయాలు శతాబ్దాలుగా తలబద్దలు కొట్టుకున్నాయి. ఒకటి పాశ్చాత్య క్రైస్తవం నుంచి పుట్టి అంతర్జాతీయ న్యాయంగా మారింది. రెండోది ఇస్లామిక్ న్యాయశాస్త్రం. మన చర్చల్లో ఈ రెండింటి ఊసే ఉండదు. బస్తర్ దేశం లోపలి వ్యవహారం, దానికీ వీటికీ ఏం సంబంధం అంటారు. సంబంధం ఉంది. గోండి తప్ప మరో భాష రాని ముసలమ్మకు కరీంనగర్ నుంచి వచ్చిన కమాండరూ కేరళ నుంచి వచ్చిన జవానూ ఒకే రకంగా బయటివాళ్లు. పైగా సొంత ప్రజల మీద ఆయుధం ఎత్తినప్పుడు పాలకుడు ఎలా నడుచుకోవాలి అన్నది ఇస్లామిక్ న్యాయవేత్తలు ప్రత్యేకంగా చర్చించిన విషయం.

పాశ్చాత్యుల దారి ముందు చూద్దాం. పదమూడో శతాబ్దంలో క్రైస్తవ తత్వవేత్త అక్వినాస్ మూడు ప్రశ్నలు పెట్టాడు. యుద్ధం చేయమన్నవాడికి ఆ అధికారం ఉందా, కారణం న్యాయమైనదేనా, మనసులో మరో ఉద్దేశం ఏమైనా ఉందా అన్నవి ఆ ప్రశ్నలు. 1625లో న్యాయవేత్త గ్రోషియస్ ఒక అడుగు ముందుకు వేసి, పాలకుడు తన ప్రజల మీద పట్టపగలు క్రూరత్వానికి దిగితే ఇతరులు ఆ ప్రజల తరఫున యుద్ధం చేయవచ్చన్నాడు. దాన్ని సాకుగా వాడుకునేవాళ్లు ఉంటారని ఆయనకూ తెలుసు. 1999లో కొసావో కోసం నాటో 78 రోజులు బాంబులు వేసింది, భద్రతా మండలి అనుమతి లేకుండానే. ఆ వివాదం తర్వాత ఆస్ట్రేలియాకు చెందిన గారెత్ ఎవాన్స్, అల్జీరియాకు చెందిన మొహమ్మద్ సహ్నూన్ అధ్యక్షులుగా ఒక అంతర్జాతీయ కమిషన్ 2001లో ‘రక్షించే బాధ్యత’ అన్న సూత్రాన్ని ముందుకు తెచ్చింది. 2005లో ఐక్యరాజ్య సమితి శిఖరాగ్ర సభ దాన్ని ఆమోదించింది. సైనిక బలం అన్ని దారులూ మూసుకుపోయాక వాడే ఆఖరి మార్గం అయి ఉండాలని, వాడాక ఆ సమాజాన్ని తిరిగి నిలబెట్టే బాధ్యత కూడా వాడినవాడిదేనని కమిషన్ చెప్పింది.

ఆ చివరి మాటే గాలికి పోయింది. 2011 మార్చిలో లిబియా పౌరుల రక్షణ పేరుతో భద్రతా మండలి తీర్మానం చేసినప్పుడు భారత్ ఓటు వేయకుండా పక్కకు తప్పుకుంది. అక్టోబరు నాటికి గడాఫీ హతుడయ్యాడు. రక్షకులు విమానాలు తీసుకుని వెళ్లిపోయారు. లిబియా ముక్కలైంది.

ఇస్లామిక్ సంప్రదాయం వేరే చోట మొదలవుతుంది. ఖురాన్ నాలుగో అధ్యాయంలో, పీడకుల పట్టణం నుంచి తమను బయట పడేయమని మొరపెట్టుకునే బలహీన స్త్రీ పురుషుల కోసం, పిల్లల కోసం ఎందుకు పోరాడరన్న నిలదీత ఉంది. మొరపెట్టుకున్నది ఎవరన్నది అందులో కీలకం. పీడితులే పిలవాలి. నలభై తొమ్మిదో అధ్యాయంలో, విశ్వాసుల్లో రెండు వర్గాలు కొట్లాడుకుంటే ముందు రాజీ చేయమని, ఒక వర్గం హద్దు మీరితే అది దారికి వచ్చేవరకే పోరాడమని, వచ్చాక న్యాయంగా సంధి చేయమని ఉంది. అంటే పోరు ఎక్కడ ఆగాలో మొదలుపెట్టేటప్పుడే చెప్పారు. దీని మీద న్యాయవేత్తలు తిరుగుబాటుదారుల గురించి ఒక ప్రత్యేక చట్టమే అల్లారు. ఖాలిద్ అబూ అల్ ఫద్ల్ 2001లో దీని మీద పెద్ద గ్రంథం రాశారు. ఆ న్యాయవేత్తల్లో అత్యధికులు చెప్పిన ప్రకారం, తిరుగుబాటుదారుడు శత్రువు కాదు, దారి తప్పిన సొంతవాడు. కత్తి ఎత్తే ముందు వాడి దగ్గరికి మనిషిని పంపి ఫిర్యాదు ఏమిటో వినాలి. పారిపోయేవాణ్ని వెంటాడకూడదు, గాయపడినవాణ్ని చంపకూడదు, వాడి ఆస్తి దోపిడీ సొమ్ము కాకూడదు. ఖలీఫా అలీ తన మీద తిరగబడ్డ ఖారిజీల దగ్గరికి ఇబ్న్ అబ్బాస్‌ను వాదనకు పంపాడని, చాలామంది ఆ మాటలు విని వెనక్కి వచ్చారని చరిత్రలో ఉంది. మొదటి ఖలీఫా అబూబకర్ సేనను పంపుతూ, పిల్లలను, ఆడవాళ్లను, ముసలివాళ్లను చంపవద్దని, పండ్ల చెట్లు నరకవద్దని, తిండికి తప్ప పశువులను కోయవద్దని ఆదేశించాడట. కోళ్లు, మేకలు ఎత్తుకుపోయారని, ధాన్యం గాదెలు తగలబెట్టారని బస్తర్ గ్రామస్థులు ఎన్ని విచారణల్లో చెప్పారో గుర్తు చేసుకుంటే ఆ ఏడో శతాబ్దపు ఆజ్ఞ ఎందుకు అవసరమైందో అర్థమవుతుంది.

ఈ సూత్రాల వారసులందరూ వాటిని పాటించారని మేం అనడం లేదు. 2015 మార్చిలో సౌదీ అరేబియా, దాని మిత్రులు యెమెన్ అధ్యక్షుడి పిలుపు మేరకేనంటూ బాంబింగ్ మొదలుపెట్టారు. అన్యాయాన్ని ఆపడానికని వెళ్లి ఆ దేశాన్ని ఆకలికి అప్పగించారు. సిద్ధాంతం చేతిలో ఉన్నంత మాత్రాన చేయి శుభ్రమైపోదు. అయినా ఎవరు పిలిచారు, ముందు మాట్లాడారా, ఎప్పుడు వెళతారు, చచ్చినవాళ్ల లెక్క ఎవరు చెబుతారు అని అడిగే అలవాటు ఆ రెండు సంప్రదాయాల్లో ఉంది. మనకు ఆ అలవాటు తప్పింది.

తప్పిందని ఎందుకంటున్నామంటే, మన గడ్డ మీదే 1948 ఉంది. రజాకార్ల అకృత్యాల నుంచి జనాన్ని కాపాడడానికి సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. ఖాసిం రజ్వీ ముఠా చేసింది ఘోరం. జనం సైన్యానికి హారతులు పట్టారన్నది నిజం. దానికి పోలీసు చర్య అని పేరు పెట్టారు. ఆ వెంటనే మరాఠ్వాడాలో, కన్నడ జిల్లాల్లో, మరికొన్ని చోట్ల ముస్లింల మీద జరిగిన ఊచకోతపై పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ వెళ్లి నివేదిక ఇచ్చారు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్ల అంచనా. ఆ నివేదిక దశాబ్దాలపాటు బీరువాలో మగ్గింది. సైన్యం మాత్రం వెళ్లలేదు. 1951 దాకా కమ్యూనిస్టు దళాల వేటలో గోదావరి అడవుల్లో తిరిగింది. కోయ గూడేలను తగలబెట్టి జనాన్ని ఒకచోటికి చేర్చిన తీరును పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో వివరంగా రాశారు. సల్వాజుడుం శిబిరాలకు అది దాదాపు యాభై అయిదేళ్ల ముందటి నమూనా.

ఇప్పుడు ఆ ప్రశ్నలతో, మావోయిస్టుల ఏరివేతకు పెట్టిన ఆపరేషన్ కగార్‌ను చూడండి. మాట్లాడారా? 2025 మార్చి చివర్లో మావోయిస్టు పార్టీ కాల్పుల విరమణకు, చర్చలకు సిద్ధమని ప్రకటించింది. హైదరాబాద్‌లో పౌర సమాజ పెద్దలు శాంతి చర్చల కోసం తిరిగారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని కలిశారు. ప్రతిపక్షంలోని కేసీఆర్ కూడా కగార్ ఆపమన్నారు. తుపాకీ పట్టినవాళ్లతో మాటల్లేవని కేంద్రం తేల్చింది. ఏప్రిల్ 21న మన సరిహద్దులోని కర్రెగుట్టల ముట్టడి మొదలైంది. మే 21న అబూజ్‌మడ్‌లో పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు సహా 27 మందిని చంపారు. శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేట వాసి ఆయన. కుటుంబం మృతదేహం కోసం హైకోర్టు దాకా వెళ్లింది. పోలీసులు నారాయణపూర్‌లోనే దహనం చేశారు. జెనీవా ఒప్పందాలు చూసినా, షరియా చూసినా, మన శ్రాద్ధ కర్మలు చూసినా శవానికి వైరం ఉండదు. ఇది చిన్న విషయమని అనేవాళ్లతో మేం వాదించం.

చచ్చినవాళ్ల లెక్క? 2024లో ఒక్క ఛత్తీస్‌గఢ్‌లోనే రెండు వందలమందికి పైగా మావోయిస్టులను చంపామన్నారు. వాళ్లందరూ మావోయిస్టులేనని చెప్పింది చంపినవాళ్లే. 2012 జూన్‌లో సర్కెగూడలో 17 మందిని చంపినప్పుడూ అందరూ మావోయిస్టులేనన్నారు. ఏడేళ్ల తర్వాత జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ ఆ మాటకు ఆధారాలు లేవంది. 2013 మేలో ఎడెస్‌మెట్టలో విత్తనాల పండుగకు చేరిన జనం మీద కాల్పులు జరిగి ఎనిమిది మంది గ్రామస్థులు పోతే, అదే న్యాయమూర్తి కమిషన్ భద్రతా బలగాలు కంగారులో కాల్చాయంది. ఈ రెండు నివేదికల తర్వాత శిక్ష పడ్డవాడు ఒక్కడు కనబడడు. 2024 మేలో పిడియాలో పన్నెండు మంది చనిపోతే, వాళ్లలో తునికాకు కోయడానికి వెళ్లినవాళ్లున్నారని ఊరివాళ్లు మొత్తుకున్నారు. అదే ఏడాది జనవరి 1న ముత్‌వెండిలో ఎదురుకాల్పుల మధ్య ఆరు నెలల పసిబిడ్డ ప్రాణం పోయింది. ఆ బిడ్డ తల మీద రివార్డు లేదు, కనుక ఏ జాబితాలోనూ లేదు.

ఎప్పుడు వెళతారు అన్నది మిగిలింది. దీని మీదే మా భయం ఎక్కువ. శత్రువు అయిపోయాడని చెబుతూనే భద్రతా బలగాల క్యాంపులు పెంచుతున్నారు. ‘నియద్ నెల్లనార్’ పథకం 2024లో మొదలైంది. క్యాంపుకు అయిదు కిలోమీటర్ల లోపు ఊళ్లకు రోడ్డు, రేషన్, బడి, ఆస్పత్రి అన్నది దాని మొదటి లెక్క. రోడ్డూ బడీ కావాలని ఆ ఊళ్లే ఎన్నో ఏళ్లుగా అడిగాయి. రాజ్యాంగం హక్కుగా ఇచ్చిన బడి తుపాకీ నీడలోనే ఎందుకు రావాలి? అయిదో షెడ్యూలు ఉంది, గ్రామసభలకు అధికారమిచ్చే 1996 నాటి పెసా చట్టం ఉంది. క్యాంపు కోసం భూమి తీసుకునేటప్పుడు గ్రామసభను అడిగిన దాఖలా మాకు కనబడలేదు. 2021 మేలో సిల్గేర్ ప్రజలు అదే అడిగారు. కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. అక్కడి నుంచి పుట్టిన మూలవాసి బచావో మంచ్ ధర్నాలు చేసింది, వినతిపత్రాలు ఇచ్చింది. 2024లో దాన్నీ నిషేధించారు. అడవిలో తుపాకీ వదిలి రమ్మని పిలిచేవాళ్లు, తుపాకీ లేకుండా అడిగినవాడికి చూపిన దారి ఇదన్నమాట.

క్యాంపుల వెనక కొండలున్నాయి. బైలదిల్లా ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఆ ఖనిజం రైలెక్కి దిగేది విశాఖలో. 2019 జూన్‌లో నందరాజ్ కొండను 13వ డిపాజిట్ కింద తవ్వకానికి ఇవ్వొద్దని వేలమంది ఆదివాసీలు కిరండూల్‌లో బైఠాయించారు. గ్రామసభ తీర్మానమే బోగస్ అన్నది వాళ్ల ఫిర్యాదు. మనసులో మరో ఉద్దేశం లేదని అక్వినాస్‌కు చెప్పి ఒప్పించడం కష్టం.

మన న్యాయస్థానం ఈ ప్రశ్నలను ఒకసారి గట్టిగానే అడిగింది. విశాఖకు చెందిన విశ్రాంత ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ, నందినీ సుందర్, రామచంద్ర గుహ వేసిన పిటిషన్ మీద 2011 జులై 5న జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ తీర్పునిచ్చారు. చదువు సరిగా లేని ఆదివాసీ కుర్రాళ్లకు తుపాకులిచ్చి ముందు వరసలో నిలబెట్టడం రాజ్యాంగ విరుద్ధమన్నారు. నెలలు తిరక్కుండానే రాష్ట్రం ఒక కొత్త చట్టం చేసి అదే కుర్రాళ్లను సహాయక బలగంగా మార్చింది. ఆ చట్టం చేయడం కోర్టు ధిక్కారం కాదని సుప్రీంకోర్టే 2025 మేలో చెప్పింది. ఆ ఆగస్టులో సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి అభ్యర్థి అయినప్పుడు, ఆ తీర్పే లేకపోతే నక్సలిజం 2020కే అంతమయ్యేదని హోంమంత్రి ఆయన్ను తప్పుబట్టారు. తీర్పు అమలే కాలేదు. అమలు కానివాటికి తప్పు మోయడం మన న్యాయమూర్తుల వంతు.

ఈ హెచ్చరిక ఢిల్లీకి, రాయ్‌పూర్‌కే కాదు, హైదరాబాద్‌కూ అమరావతికీ కూడా. సల్వాజుడుం నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయలు భద్రాద్రి, ములుగు అడవుల్లో, ఏజెన్సీ మండలాల్లో ఇరవై ఏళ్లుగా ఉన్నారు. చాలామందికి కుల ధ్రువీకరణ లేదు, పోడు పట్టా లేదు. 2017లో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది వాళ్ల గుడిసెలు కూల్చారు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక ఫారెస్టు రేంజ్ అధికారిని గుత్తికోయలే నరికి చంపారు. అది హత్య, దానికి సమర్థన లేదు. దాని తర్వాత ఒక తెగను మొత్తం నేరస్థులుగా చూడడానికి కూడా సమర్థన లేదు. ఇప్పుడు ‘బస్తర్ బాగుపడింది కదా, వెనక్కి పొండి’ అన్న మాట వినబడుతుంది. కాలిపోయిన ఊరి స్థలంలో ఇవాళ ఏముందో చూడకుండా ఎవరినీ లారీ ఎక్కించకూడదు.

అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఎం) కింద, చట్టప్రకారం రావలసిన పునరావాసం లేకుండా అక్రమంగా వెళ్లగొట్టబడినవారికి ప్రత్యామ్నాయ భూమితో పునరావాసం హక్కు ఉంది. అయితే అది 2005 డిసెంబరు 13కు ముందు జరిగినవాటికే. జుడుం మొదలైంది 2005 జూన్‌లో, ఊళ్లు ఎక్కువగా కాలింది ఆ తర్వాతే. అంటే ఆరు నెలల్లో పారిపోయినవాడికి హక్కు, ఏడో నెలలో పారిపోయినవాడికి శూన్యం. పార్లమెంటు ఒక్క సవరణతో ఈ తేదీని మార్చగలదు. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఒక్కటై ఆ సవరణ అడగాలి. అది తేలేవరకు ఒక్క గుడిసె కూల్చకూడదని రెండు రాష్ట్ర ప్రభుత్వాలు తమ అటవీ శాఖలకు లిఖిత ఆదేశమివ్వాలి. ఛత్తీస్‌గఢ్ సర్కారు 2024 నుంచి జరిగిన ప్రతి ఎన్‌కౌంటర్ మృతుడి పేరు, ఊరు, పోస్టుమార్టం నివేదిక బయటపెట్టాలి. ప్రతి క్యాంపు గేటు మీద అది ఎత్తేసే తేదీ రాయాలి. తొలకరి పడితే పోడు మొదలవుతుంది, పోడు మొదలైతే మన అడవుల్లో కూల్చివేతలూ మొదలవుతాయి. ఆదేశం ఈలోపే రావాలి.